మిద్దె మీద ఆక్వాపోనిక్స్: కడిగినా నీళ్లు పచ్చబడుతుంటే

ఆక్వాపోనిక్స్ అంటే చేపల తొట్టి నీళ్లతోనే మొక్కలు పెంచడం. కావలి ఎండలో వారానికోసారి చేపల తొట్టి కడిగినా పాచి తిరిగొస్తోందంటే కారణం మురికి కాదు, వెలుతురు. చేపల వ్యర్థాలతో నీళ్లలో పాచికి ఆహారమైన నైట్రేట్ ఎలాగూ ఉంటుంది.

1. చేపలుండే నీలం డ్రమ్ముకు బయట నల్ల పెయింటు, దానిమీద తెల్లది వేయండి. నల్లది ఒక్కటే అయితే నీళ్లు కాగిపోతాయి. పైన మూత.

2. చాలామంది వదిలేసేది గ్రో బెడ్‌ని, అంటే మొక్కలుండే కంకర తొట్టిని. కంకర మీద నీళ్లు కనబడకూడదు. సైఫన్ (బెడ్ నిండగానే నీళ్లను కిందికి దించే గొట్టాల అమరిక) లోపలి నిలువు గొట్టాన్ని కొద్దికొద్దిగా కోస్తూ, నీటిమట్టం కంకర పైభాగానికి రెండంగుళాలు కిందే ఆగేలా చూడండి. ఎక్కువ తెగితే కొత్త గొట్టమే. పైపొర ఎప్పుడూ పొడిగా ఉండాలి.

3. మేత ఐదు నిమిషాల్లో తినేసేంతే.

రొయ్యల చెరువుల వాళ్లు చెప్పారని మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) మాత్రం వేయకండి. చేపలకూ ప్రమాదమే, చచ్చిన పాచి కుళ్లి ఆక్సిజన్‌నూ లాగేస్తుంది. తెల్లారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆక్సిజన్ చాలట్లేదన్నట్టే; రాత్రి ఎయిరేటర్ (నీళ్లలోకి గాలి పంపే పంపు) ఆపకండి.