కొలిమిలోంచి తీసిన కర్రు

హనుమకొండ

చిరంజీవికి ఆశీస్సులు.

ములుగు నుంచి నువ్వు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. సూర్యుని వంటి నక్షత్రాన్నీ, దాని తోడుగా తిరిగే గోధుమ మరుగుజ్జునూ, అంటే గ్రహానికీ నక్షత్రానికీ నడుమ బరువున్న గోళాన్నీ, తెలుగులో చెప్పాలని నీకు తోచడం నాకు ఎంతో సంతోషం కలిగించింది. అయితే మొదటి వాక్యంలోనే ఆ మరుగుజ్జును ‘ఓడిపోయిన నక్షత్రం’ అన్నావు. ఆ మాట తీసివెయ్యి, బిడ్డా. అది పాఠకునికి జాలి పుట్టిస్తుంది గాని అక్కడ జరుగుతున్నదేమిటో చెప్పదు. గురుగ్రహానికి సుమారు 13 రెట్ల నుంచి 75, 80 రెట్ల దాకా ద్రవ్యరాశి ఉండే ఆ గోళంలో, సూర్యగర్భంలో వలె హైడ్రోజన్ సంలీనం (పరమాణు కేంద్రకాలు కలిసిపోయి శక్తి పుట్టడం) నిలకడగా సాగేంత వేడి ఎన్నడూ పుట్టదు. కొంతకాలం డ్యుటీరియం అనే బరువైన హైడ్రోజన్ సంలీనం జరిగి ఆగిపోయాక, తన బరువుకు తానే కుంచించుకుపోతూ కూడబెట్టుకున్న వేడిని కోట్ల సంవత్సరాల పాటు వదులుకుంటూ ఉంటుంది.

మరుగుజ్జును మండని పచ్చికట్టెతో నువ్వు పోల్చడం పొసగదు, ఎందుకంటే పచ్చికట్టె ఎండితే మండుతుంది. కమ్మరి కొలిమిలోంచి తీసిన నాగటి కర్రును తలచుకో: ముందు పసుపు, తరువాత ఎరుపు, చివరికి నలుపు. మరుగుజ్జు చల్లారే తీరు అటువంటిదే. కర్రుకు వేడి బయటి నిప్పు నుంచి వస్తే, దీనికి తన లోపలి నుంచే వచ్చింది. ఆ తేడాను కూడా ఆ పేరాలోనే చెప్పాలి. 1975లో అమెరికా ఖగోళ శాస్త్రజ్ఞురాలు జిల్ టార్టర్ పెట్టిన పేరులో గోధుమ రంగు ఉన్నా, దగ్గరికి వెళ్లి చూడగలిగితే అది ముదురెరుపుగా కనిపిస్తుందని రాయడం మరచిపోకు.

మూడు పేజీలలో ఆకాశమంతా తిరిగి వచ్చావు. ఒక్క నక్షత్రాన్ని పట్టుకుంటే చాలు. బాణం ఆకారంలో ఉండే సజిట్టా మండలంలోని 15వ సంఖ్య నక్షత్రం మనకు సుమారు 58 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, సూర్యుని వంటిదే. ఏళ్ల తరబడి దాని కాంతిని కొలిచినవారికి ఆ నక్షత్రపు వేగం కొద్దికొద్దిగా మారుతూ కనిపించింది. కంటికి కనబడనిదేదో దానిని లాగుతున్నదన్నమాట. హవాయిలోని జెమినీ, కెక్ దూరదర్శినులు ఆ తోడును, అంటే ఒక గోధుమ మరుగుజ్జును, చిత్రంగా పట్టిన సంగతి 2002లో వెల్లడైంది. మన సౌరకుటుంబంలో పెడితే అది శనికీ యురేనస్‌కూ మధ్య పడుతుంది.

నీ వ్యాసంలో అన్నిటికన్నా విలువైన విషయాన్ని ఒక్క వాక్యంలో ముగించావు. సూర్యుని వంటి నక్షత్రాలకు దగ్గరలో గ్రహాలు విరివిగా దొరుకుతాయి, తోడు నక్షత్రాలూ దొరుకుతాయి, నడుమ బరువున్న ఈ మరుగుజ్జులు మాత్రం చాలా అరుదు. శాస్త్రజ్ఞులు ఆ వెలితిని ఎడారి అంటారు. గ్రహాలు నక్షత్రం చుట్టూ తిరిగే ధూళిపళ్లెంలో పుడతాయి, నక్షత్రాలు అంతరిక్షంలోని వాయుమేఘం చీలి పుడతాయి. ఈ రెండు దారులూ ఆ నడుమ బరువు దగ్గర సన్నబడుతున్నాయా అన్న ప్రశ్నకు కనీసం ఒక పేజీ ఇవ్వు.

ఎంగిలిపూల బతుకమ్మ నాడు అమావాస్య. పాటలు అయ్యాక, రాత్రి ఎనిమిది గంటల ప్రాంతంలో ఊరి దీపాలకు దూరంగా పొలం గట్టు మీదికి వెళ్లు. శ్రవణానికి ఉత్తరంగా, ధనిష్ఠకు పడమరగా, దాదాపు నీ నడినెత్తిన ఆ నక్షత్రం ఉంటుంది. మామూలు కంటికి అందీ అందనట్లుంటుంది కనుక బైనాక్యులర్ తీసుకువెళ్లు. తోడు కనిపించదు. చూసింది చూసినట్లు మొదటి పేరాలో రాసి, ఆ ప్రతిని నాకు పంపు.