జూమ్ అంకె చూసి కెమెరా కొనకు

చిరంజీవి అమ్మలుకి మామయ్య ఆశీస్సులు.

125 ఎక్స్ జూమ్ ఉన్న కెమెరా మీద మనసు పడ్డావని మీ అమ్మ చెప్పింది. డబ్బు కట్టే ముందు ఈ ఉత్తరం చదువు. నువ్వు తీయాలనుకునేవి రెండు: ఆదివారం పొద్దున గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువులో పక్షులు, సాయంత్రం వేళ స్టేజీ మీద పిల్లాడి డాన్సు. మొదటిదానికి జూమ్ కావాలి, రెండోదానికి వెలుతురు కావాలి. జూమ్ ఎంత అని ఆరా తీసేముందు, లెన్సును చివరిదాకా లాగినప్పుడు అది ఎంత వెలుతురు లోపలికి రానిస్తుందో చూడు.

ఆ ఎక్స్ లెక్క దూరం లెక్క కాదు. లెన్సు చివరి కొలతను మొదటి కొలతతో భాగిస్తే వచ్చేది, అంతే. 2018లో వచ్చిన నికాన్ కూల్‌పిక్స్ పీ1000 లెన్సు, పాత 35 ఎంఎం ఫిల్మ్ కెమెరా లెక్కలో చెప్పాలంటే, 24 మిల్లీమీటర్ల దగ్గర మొదలై 3000 దాకా వెళ్తుంది, అందుకని 125. అదే ఏడాది వచ్చిన కెనాన్ ఎస్ఎక్స్70 21 నుంచి 1365 దాకా, అది 65. మొదటి అంకె చిన్నదైతే ఇరుకు గదిలో కూడా ఇంటిల్లిపాదీ ఫొటోలో పడతారు. డిజిటల్ జూమ్ అని అట్టపెట్టె మీద ఇంకో పెద్ద అంకె వేస్తారు, దాన్ని లెక్కలోకే తీసుకోకు. ఫొటో మధ్య ముక్క కోసి పెద్దది చేయడమే అది. ఆ పని ఇంటికొచ్చాక నువ్వూ చేసుకోగలవు.

ఇప్పుడు అసలు సంగతి. పీ1000 లెన్సు ముందు 1:2.8-8 అని ఉంటుంది. జూమ్ లేనప్పుడు 2.8, చివరిదాకా లాగితే 8. ఈ అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గుతుంది. అంటే లోపలికి వచ్చే వెలుతురు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. దానికితోడు ఇలాంటి లాంగ్ జూమ్ కెమెరాల్లో చాలావాటి సెన్సర్, అంటే బొమ్మను పట్టే చిప్పు, అడ్డం 6.2, నిలువు 4.6 మిల్లీమీటర్లే. ఎండలో బాగానే ఉంటుంది. మబ్బు పట్టినా, హాల్లోకి వెళ్లినా కెమెరా ఐఎస్ఓ, అంటే వచ్చిన కాస్త వెలుతురునే పెంచి చూపే సెట్టింగు, పెంచేస్తుంది, ఈకల గీతలన్నీ కలిసిపోయి ముద్దగా వస్తాయి.

స్టెబిలైజేషన్ ఉంది కదా అంటావు. అది నీ చేతి వణుకును ఆపుతుంది. ఎగిరే గూడబాతు రెక్కను ఆపదు, పిల్లాడి చేతినీ ఆపదు. వాటికి షటర్ వేగమే, అంటే ఫొటో ఎంత తక్కువ క్షణంలో పడుతుందో అదే, దిక్కు, ఆ వేగానికి మళ్లీ వెలుతురే కావాలి.

నా మాట వింటే ఒక అంగుళం సెన్సర్ అని పిలిచేది ఉన్న కెమెరా చూడు. అంగుళం అన్నది పేరుకే. దాని అసలు కొలత 13.2, 8.8 మిల్లీమీటర్లు, చిన్నదానికి నాలుగు రెట్ల వైశాల్యం. పానసోనిక్ ఎఫ్‌జెడ్1000 లెన్సు 400 దాకా వెళ్లినా 4 దగ్గరే ఆగుతుంది. సోనీ ఆర్ఎక్స్10 నాలుగో మోడల్ 600 దాకా వెళ్లినా 4లోనే ఉంటుంది, కానీ ఖరీదెక్కువ, బరువు కిలో పైనే. ఉప్పలపాడు చెరువు చిన్నది, గట్టు మీంచే ఎర్రకాళ్ల కొంగలు దగ్గరగా కనపడతాయి. అక్కడ 3000తో పనేం లేదు. పులికాట్ ఫ్లెమింగోల కోసమే వెళ్తానంటే పెద్ద జూమ్ కొనడంలో అర్థముంది. అయితే అక్కడా పొద్దెక్కాక నీళ్ల మీద గాలి వేడెక్కి ఆడుతుంటుంది, ఎంత మంచి లెన్సైనా బొమ్మ అలలు అలలుగా వస్తుంది. తెల్లారేసరికి అక్కడుండాలి.

జేబులో పట్టే కాంపాక్ట్ సంగతి కూడా అడిగావట. మూడు నాలుగు ఎక్స్ జూమ్, చిన్న సెన్సర్ ఉన్నవాటికి డబ్బు పెట్టకు, నీ ఫోనే నయం.

వ్యూఫైండర్, అంటే కన్ను ఆనించి చూసే చిన్న కిటికీ, లేనిది మాత్రం వద్దు. ఎండలో వెనక తెర కనపడదు. పైగా కంటికి ఆనించి పట్టుకుంటే కెమెరా కుదురుగా నిలుస్తుంది. జూమ్ లాగాక పిట్ట తప్పిపోవడం మామూలే. నికాన్, కెనాన్ లాంగ్ జూమ్‌లు కొన్నింటిలో ఎడమ పక్కన ఒక బటన్ ఉంటుంది. నొక్కి పట్టుకుంటే లెన్సు వెనక్కి వస్తుంది, పిట్టను వెతికి వదిలేస్తే మళ్లీ అక్కడికే వెళ్తుంది. నీలాంటి కొత్తవాళ్లకు అది పెద్ద సాయం.

నేను చెప్పిన మోడళ్లలో కొన్ని సెకండ్ హ్యాండ్‌లోనే దొరకొచ్చు. తీసుకునేముందు లెన్సును పూర్తిగా లాగి, ముందు నుంచి ఫోన్ టార్చ్ వేసి పక్కవాటంగా చూడు. సాలెపురుగు పోగుల్లా సన్నగా కనపడితే అది ఫంగస్, ఎంత తగ్గించినా వద్దను. తర్వాత జూమ్ చివరికి లాగి తెల్లగోడను ఫొటో తీయి. నల్లచుక్కలుంటే సెన్సర్ మీద దుమ్ము. ఈ కెమెరాల్లో లెన్సు ఊడిరాదు కాబట్టి మొత్తం విప్పితే గానీ శుభ్రం చేయలేరు. మనవైపు తేమకు ఫంగస్ త్వరగా పడుతుంది. కొన్నాక బీరువాలో బట్టల మధ్య పెట్టకు, గట్టిమూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచు.

షాపుకి నీ సొంత మెమరీ కార్డు పట్టుకెళ్లు. రోడ్డవతలి షాపు బోర్డును పూర్తి జూమ్‌లో తీయి, లోపల ట్యూబ్‌లైట్ కింద ఎవరినైనా నడవమని తీయి. ఆ రోజే డబ్బు కట్టకుండా ఇంటికొచ్చి కంప్యూటర్‌లో పెద్దది చేసి చూడు. ఆ ఫొటోలు వాట్సాప్‌లో పెడితే నలిగిపోతాయి, ఈమెయిల్ చేయి. చూసి ఆ రాత్రికే ఫోన్ చేస్తాను.

మీ మామయ్య