కుక్క చేత మాట్లాడించకు

హనుమకొండ

బిడ్డా,

నీ కథ చదివాను. మెల్‌బోర్న్‌లో మీరు తెచ్చుకున్న పందేల నుంచి రిటైరైన గ్రేహౌండ్ కుక్కకు మెట్లెక్కడం రాదని, మొదటి మెట్టు దగ్గరే నిలబడి వణికిందని రాశావు. అది బాగుంది. కుక్కల్ని కట్టేసే కొట్టం, పందెం ట్రాక్ తప్ప ఇల్లంటే ఎరగని కుక్కకు మెట్లెట్ల తెలుస్తాయి?

చివరి పేజీకి వచ్చేసరికి కోపమొచ్చింది. పందెంలో కాలు విరిగిన కుక్క చేత "నా యజమాని గెలవాలనే పరుగెత్తాను, ప్రాణం పోయినా సంతోషమే" అనిపించావు. అది కుక్క మాట కాదు, దాన్ని పందెంలోకి దింపినవాడికి పనికొచ్చే మాట. గ్రేహౌండ్ పరుగెత్తేది ముందు ఉరికే బొమ్మ కోసం. యజమాని గెలిచాడో ఓడాడో దానికేం తెలుసు? దానికి త్యాగం అంటగట్టావా, చంపినవాడు కథలోంచి తప్పించుకుంటాడు.

నోరులేని జీవి గురించి రాసేటప్పుడు దానికి మన నోరు అరువివ్వొద్దు. దాని ఒంటికి ఏం జరిగింది, ఎవరు చేశారు, ఎందుకు చేశారు, అది రాయి. మీ ఊళ్లోనే శాండౌన్ పార్క్ అనే కుక్కపందేల ట్రాక్ ఉంది. 515 మీటర్ల పందెం అర నిమిషంలో అయిపోతుంది. ఎనిమిది కుక్కలు ఒక్కసారే బాక్సుల్లోంచి దూకి మొదటి మలుపు దగ్గర ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. గంటకు 60 కిలోమీటర్లకు పైగా వేగంతో ఎప్పుడూ ఎడమకే తిరగడం వల్ల కుడి వెనకకాలి మీద ఎక్కువ భారం పడి, దాని మడమ కీలులోని చిన్న ఎముక తరచూ విరుగుతుంది. వైద్యం చేస్తే బతికేదాన్ని కూడా ఖర్చు దండగని సూదేసి చంపిన సందర్భాలున్నాయి. నువ్వేమో "కాలు విరిగింది" అని రెండు మాటల్లో దాటేశావు. ఏ కాలు? ఏ మలుపులో?

2015 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియా టీవీలో ఒక కార్యక్రమం వచ్చింది. కుక్కలకు వేట రుచి మరిగించడానికి బతికున్న కుందేళ్లను, పందిపిల్లలను ఎరగా కట్టడం చూపించారు. అందులో ఏ జంతువూ మాట్లాడలేదు. కెమెరా చూసింది, అంతే. దేశం ఊగిపోయింది. మీ పక్క రాష్ట్రం న్యూ సౌత్ వేల్స్‌లో జరిగిన విచారణలో, 12 ఏళ్లలో కనీసం 48 వేల కుక్కలను పందేలకు పనికిరావని చంపేశారని తేలింది. 2016 జూలైలో అక్కడి ప్రభుత్వం పందేలు ఆపేస్తామని ప్రకటించి, ఒత్తిడి రాగానే అక్టోబర్‌లో వెనక్కి తగ్గింది. నీ కథకు అసలు ముగింపు అక్కడుంది.

నా తొలి కథ ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు లాగే ఎద్దు మీద. కాడి కింద మెడ మీది పుండు, దాని మీద వాలే ఈగలు, వేపనూనె రాసి మళ్లీ కాడి ఎత్తే చేతులు, అన్నీ రాశాను. ఒక వారపత్రిక సంపాదకుడు పుండున్న పేరాలన్నీ కొట్టేసి, ఎద్దు కన్నీరు కార్చినట్టు చివర తనే రెండు వాక్యాలు కలిపి అచ్చేశాడు. నన్నడగలేదు. చదివి ఏడ్చామని ఉత్తరాలొచ్చాయి. పుండు సంగతి ఎవరూ ఎత్తలేదు, వాళ్లకు చేరితే కదా! ఆ తర్వాత ఏ మార్పుకూ ఒప్పుకోనన్నానని అదే పత్రిక నా కథలన్నీ తిప్పి పంపింది. ఆ మంట ఇప్పటికీ ఉంది. ఇప్పుడు పోటీలదీ అదే తీరు. చివరి పేరాలో ఏడుపు లేకపోతే బహుమతి రాదని చిన్నవాళ్లంతా నమ్ముతున్నారు. నువ్వు నమ్మకు.

పుస్తకం వేయాలా అన్నావు. ముందు ఈ కథ సంగతి చూడు. అక్కడ ప్రతి పందేనికీ స్టీవార్డ్స్ రిపోర్టు, అంటే పందెం అధికారులు రాసే నివేదిక, ఉంటుంది. ఏ కుక్కకు ఏ గాయమైంది, ఎన్ని రోజులు పందేలకు దూరం పెట్టారు, అందులో రాస్తారు. మీ ఇంట్లో ఉన్న కుక్క పందెం పేరు కనుక్కుని దాని రిపోర్టులన్నీ తీసి చదువు. చివరి పేజీ చించేసి అవి ముందు పెట్టుకుని మళ్లీ రాయి. పోటీకి పంపొద్దు, నాకు పంపు.

మీ పెద్దనాన్న