మేపుల్ కొమ్మకు జామ తరహా అంటు

సందేహం: అన్నా, సైనిక్‌పురి నుంచి వచ్చి ఇప్పుడే న్యూజెర్సీలో ఇల్లు కొన్నాం. ముందర ఎర్రాకుల జపనీస్ మేపుల్ ఉంది, బ్లడ్‌గుడ్ రకమట. అక్కడ నాన్న జామకు కట్టినట్టు దీనికీ అంటు కట్టి, ఒక మొక్క హైదరాబాద్ పట్టుకెళ్లొచ్చా?

జవాబు: అంటు కట్టు తమ్ముడూ, హైదరాబాద్ మాట మాత్రం మర్చిపో. వారాల తరబడి గట్టి చలి ఉంటేనే ఆ చెట్టు నిద్రపోయి లేస్తుంది. మన జనవరి చలికి దానికి కునుకైనా పట్టదు. మేలో 40 డిగ్రీలు దాటితే ఆకులు అంచుల నుంచి మాడతాయి. పైగా ఇంపోర్ట్ పర్మిట్, మొక్కకు తెగుళ్లు లేవని చెప్పే ఫైటోశానిటరీ సర్టిఫికెట్ లేకుండా మొక్కతో శంషాబాద్‌లో దిగకూడదు. ఇటు రావడమూ అంతే: అమ్మ కరివేపాకు కట్టిస్తానంటే వద్దను. నిమ్మజాతి చెట్లకు జబ్బు మోసే పురుగు దాని మీద బతుకుతుందని అమెరికా రానివ్వదు.

పద్ధతి నాన్నగారిదే, తేడా అంతా అదనులో. అక్కడ వానలు పడ్డాక కడతారు. ఇక్కడ లేతాకు ముదిరాక, మే చివర్లోనో జూన్‌లోనో కట్టాలి; చలి ముదిరేలోపు వేరు రావాలి మరి. చిటికెనవేలంత కొమ్మ చూసి, దాని లావుకు ఒకటిన్నర రెట్ల వెడల్పున చుట్టూ బెరడు వలిచెయ్. చాలామంది అక్కడితో ఆపేస్తారు. లోపల జారుడుగా ఉండే పొరను కత్తితో శుభ్రంగా గీకకపోతే కొమ్మ గాయం పూడ్చుకుంటుంది తప్ప వేరు వెయ్యదు. పై అంచుకు వేర్లు పుట్టించే రూటింగ్ హార్మోన్ రాసి, తడిపి పిండిన స్ఫాగ్నమ్ నాచు పెట్టి, ప్లాస్టిక్ కవరు చుట్టి రెండు కొసలూ బిగించు. ఎండ తగిలే చోటైతే పైన అల్యూమినియం ఫాయిల్. రెండు మూడు నెలలకు కవర్లోంచి వేర్లు కనిపిస్తాయి, కనిపించందే కొయ్యకు. కోసి కుండీలో నాటాక, మొదటి చలికాలం దాన్ని హీటింగ్ లేని గ్యారేజీలో ఉంచు.

గింజ వేస్తే తల్లి పోలిక రాదు. అందుకే నర్సరీలవాళ్లు, ముఖ్యంగా చీలికలాకుల రకాలకు, గ్రాఫ్టింగ్ చేస్తారు: చలికాలం చివర్లో విత్తనపు మొక్క పక్కన కోసి, ఏడాది వయసు పుల్లను అతికిస్తారు. రెండింటి బెరడు కింది పొరలు కనీసం ఒక వైపైనా కలవాలి. చెయ్యి తిరగాల్సిన పని, నీకిప్పుడు వద్దు. కొన్ని కొత్త రకాలకు 20 ఏళ్ల పేటెంట్ ఉంటుంది, వాటికి అంటు కట్టకూడదు. బ్లడ్‌గుడ్ పాతది, ఆ బాధ లేదు.

నాటేటప్పుడు మాత్రం వంగ, టమాటా, బెండ వడలి చచ్చిన మడి జోలికి పోకు. వెర్టిసిలియమ్ అనే బూజు మట్టిలో ఏళ్ల తరబడి ఉండి మేపుల్‌నూ పట్టుకుంటుంది. దానికి మందు లేదు.