అడవి హక్కుల పనికి వెళ్తున్న మా మేనకోడలికి

అమ్మాయీ,

ఉట్నూరు వైపు గూడేల్లో పోడు (అడవి కొట్టి చేసుకునే సాగు) భూముల మీద హక్కు క్లెయిములు రాయించే పనిలో చేరుతున్నావని అక్క ఫోన్‌లో చెప్పింది. గర్వంగా ఉంది, టెన్షన్ కూడా అంతే ఉంది. దోమతెర మర్చిపోకు. నీళ్లు కాచి తాగు. చీకటి పడ్డాక ఘాట్ రోడ్డులో బండి ఎక్కకు.

నా భయమంతా గడువుల గురించే. 1878 అటవీ చట్టంతో బ్రిటిష్ ఇలాకాలో అడవిని సర్కారుకి రిజర్వు చేసేముందు ఒక ప్రకటన వేసేవారు, హక్కులున్నవాళ్లు ఫలానా తేదీలోగా చెప్పుకోవాలని. చెప్పుకోనివాళ్ల హక్కు పోయినట్టే. 1927 అటవీ చట్టంలోనూ అదే పద్ధతి, మూడు నెలలకు తగ్గని గడువు. స్థానిక భాషలోనే వేయాలని చట్టంలో ఉంది, కానీ అక్షరం రాని ఊరికి ఆ కాగితం ఏ భాషలో ఉంటే ఏం లాభం? తరాలుగా దున్నుకున్న నేల మీద ఒక్కరోజులో ఆక్రమణదారులైపోయారు. నిజాం రాజ్యంలోనూ గోండుల భూముల మీదుగానే రిజర్వు హద్దులు గీశారు, 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణమిచ్చింది ఆ పోరాటంలోనే.

ఇది చారిత్రక అన్యాయమని 2006 అటవీ హక్కుల చట్టం పీఠికలోనే ఒప్పుకున్నారు. అయినా గడువు పోలేదు. గ్రామసభ తీర్మానం నచ్చకపోతే సబ్ డివిజన్ కమిటీకి, అక్కడా కాకపోతే జిల్లా కమిటీకి, 60 రోజుల్లో వెళ్లాలి. క్లెయిము కొట్టేస్తే ఆ సంగతి మనిషికి నేరుగా తెలియజేయాలని నిబంధన ఉంది, కాబట్టి కాగితం చేతికి వచ్చేదాకా వదలకు. 2019 ఫిబ్రవరి 13న, క్లెయిములు కొట్టేసినవాళ్లని ఖాళీ చేయించమని సుప్రీంకోర్టు అంది, 28న మళ్లీ తనే ఆపింది. ఆ రెండు వారాలు నాకు కంటిమీద కునుకు లేదు. అందులో ఎంతమందికి తమ క్లెయిము పోయిందన్న సంగతే తెలుసో!

నేను రంపచోడవరం దగ్గర టీచరుగా ఉన్నప్పుడు ఒక తాత ట్రంకుపెట్టెలోంచి కవర్లో చుట్టిన రసీదు తీసి చదివి పెట్టమన్నాడు. పోడు కొట్టినందుకు ఫారెస్టువాళ్లు వేసిన జరిమానా అది. మడతల దగ్గర చిరిగింది, తేదీ మాత్రం బాగానే ఉంది. అలాంటివి ఎవరింట్లో ఉన్నా పారేయనివ్వకు. చట్టం పెట్టిన హద్దు తేదీ 2005 డిసెంబర్ 13కి ముందే ఆ నేల వాళ్ల సాగులో ఉందని చెప్పడానికి అదీ సాక్ష్యమే. పాత బావి, సమాధులు, గట్లు, పెద్దల వాంగ్మూలం కూడా పనికొస్తాయి.

నీకు గబగబా చదివేసి సంతకం పెట్టే అలవాటుంది, చిన్నప్పటి నుంచీ చెప్తూనే ఉన్నాను. అక్కడ అది కుదరదు తల్లీ. ప్రతి తీర్మానం గోండీలో, కొలామీలో పైకి చదివించు, ముసలివాళ్లు మళ్లీ అడిగితే మళ్లీ చదివించు, విసుక్కోకు.

మొదటి గ్రామసభ అయ్యాక తీర్మానం కాపీ వాట్సాప్‌లో పంపు, తేదీలు నేనూ చూస్తాను. అమ్మకి రోజూ ఫోన్ చెయ్యి.

మామయ్య