అన్నయ్య వెన్నుపూసకు కరెంటు (రేడియేషన్) పెట్టించే ముందు

అమ్మడూ,

మీ నాన్నకు ఎస్‌బీఆర్‌టీ, అంటే గడ్డకే గురిపెట్టి ఎక్కువ మోతాదులో ఇచ్చే రేడియేషన్, చేస్తామన్నారని, రెండే సిట్టింగులని రాశావు. రెండే కదా అని తేలిగ్గా తీసుకోకు. మామూలు పద్ధతిలో పది సిట్టింగులకు 30 గ్రే (రేడియేషన్ మోతాదుకు కొలత) పెడతారు. ఇందులో రెండింటికే 24 గ్రే. ప్రోస్టేట్ క్యాన్సర్ నుంచి పాకిన గడ్డ పూసలో ఉంటే, వెన్నుపాము కొన్ని మిల్లీమీటర్ల దూరంలోనే ఉంటుంది. దానికి తగలకుండా పెట్టాలంటే మనిషి కదలకూడదు.

రేడియేషన్ వార్డులో ఇన్నేళ్లు పనిచేశాక చెబుతున్నా, అసలు సంగతంతా ప్లానింగ్ రోజే, అంటే సిట్టింగులకు ముందు పడుకోబెట్టి కొలతలు తీసుకునే రోజే ఉంది. చిన్న చిన్న గుళికలు నింపిన సంచీ మీద పడుకోబెట్టి, గాలి లాగేస్తారు. అది ఒంటి వంపులకు తగ్గట్టు బిగుసుకుపోతుంది. ఒక్కోసారి చేతులు తలపైకి పెట్టమంటారు. ఆ రోజు ఎలా పడుకుంటే సిట్టింగులోనూ అచ్చం అలాగే, అరగంటో ముప్పావుగంటో పడుకోవాలి. భుజం పట్టేస్తున్నా మా అన్నయ్య "పర్లేదమ్మా" అంటాడు, నాకు తెలియదూ! నువ్వే టెక్నీషియన్‌కు చెప్పి అప్పుడే సర్దించు. ముందురోజు ఇంట్లో గట్టి బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి చూడు. ఉండలేకపోతే నొప్పి మాత్ర ఎంత ముందు వెయ్యాలో డాక్టర్‌ని అడుగు. మెషిన్ కింద మాత్రం నొప్పేమీ తెలియదు.

పూస గట్టిగా ఉందా లేదా అన్నది కూడా తేల్చుకో. దానికి 18 మార్కుల లెక్క ఒకటుంది. 7, ఆపైన వస్తే స్పైన్ సర్జన్‌కు చూపించాలి. విరగబోతున్న పూసను కరెంటు నిలబెట్టదు.

ఒకవేళ డాక్టర్ మామూలు రేడియేషనే చాలంటే చిన్నబుచ్చుకోకు. కెనడా, ఆస్ట్రేలియాల్లో చేసి 2021లో ప్రచురించిన పరిశోధనలో, మూడు నెలలకు నొప్పి పూర్తిగా పోయినవాళ్లు ఎస్‌బీఆర్‌టీలో నూటికి 35 మంది, మామూలు పద్ధతిలో 14 మంది. అమెరికాలో ఒకే సిట్టింగుతో చేసిన ఇంకో పరిశోధనలో మాత్రం ఇది మామూలు పద్ధతికన్నా మెరుగని తేలలేదు. ఖరీదైనదే మంచిదని పట్టుబట్టడం నాకు నచ్చదు.

తర్వాత రెండు మూడు రోజులు నొప్పి పెరగొచ్చు, టెన్షన్ పడకు. దానికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ మందు ఇస్తే షుగర్ పెరుగుతుంది, చెక్ చేస్తూ ఉండు. ఉపశమనానికి వారాలు పడుతుంది. నెలల తర్వాతైనా నడుములో ఒక్కసారిగా కొత్త నొప్పి వస్తే పూస కుంగిందేమో చూపించు.

కాళ్లు తడబడినా, తిమ్మిరెక్కినా, మూత్రం రాకుండా ఆగిపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. అర్ధరాత్రయినా ఎమర్జెన్సీకి తీసుకెళ్లు.

ఖర్చు సంగతి, ఆరోగ్యశ్రీలో ఇది వస్తుందో లేదో ఆరోగ్యమిత్రని ముందే అడుగు. పాత ఎమ్మారై రిపోర్టు ఒక్కటే కాదు, సీడీ కూడా సంచీలో పెట్టుకో. ప్లానింగ్ రోజు నేనూ వస్తా, తారీఖు తెలియగానే ఫోన్ చెయ్యి.

మీ అత్త