సముద్రం దాటిన సింఫనీల గురించి రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి ఆశీస్సులు.

అమెరికన్ స్వరకర్తల రచనలను యూరప్ ఆర్కెస్ట్రాలు వాయించిన తీరు మీద నీవు పంపిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. నీకు వాక్యం లొంగింది. అయితే ‘యూరప్ వాళ్ళకు అమెరికన్ లయ ఒంటబట్టదు’ అన్న మొదటి వాక్యంలోనే తీర్పు ముందు నడిచి, చెవి వెనకబడిపోయింది. అది విని రాసిన మాట కాదు, ఎక్కడో చదివి రాసిన మాట; నీ వయసులో నేనూ అలాంటివి చాలా రాశాను గనుక ఇట్టే గుర్తుపట్టగలను.

ఆ మాట ఎందుకు నిలవదో చూడు. అమెరికన్ స్వరకర్త శామ్యూల్ బార్బర్ మొదటి సింఫనీని 1936 డిసెంబరులో తొలిసారి వాయించింది రోమ్ నగరపు వాద్యబృందం. మరుసటి ఏడాది సాల్జ్‌బర్గ్ ఉత్సవంలో వియన్నా ఫిల్‌హార్మోనిక్ దానిని వినిపించింది. మరో అమెరికన్ స్వరకర్త ఆరన్ కోప్లండ్ 1958లో తన మూడో సింఫనీని లండన్ సింఫనీ ఆర్కెస్ట్రా ముందు నిలబడి తానే నిర్వహించి రికార్డు చేయించాడు కాబట్టి, అందులో నీకు నడక బిగుసుకున్నట్టు తోస్తే ఆ నేరాన్ని లండన్ వాళ్ళ నెత్తిన రుద్దడం కుదరదు. ఇక జార్జ్ గెర్ష్విన్ 1928లో తన ‘యాన్ అమెరికన్ ఇన్ పారిస్’ అనే ఆర్కెస్ట్రా రచన కోసం పారిస్ టాక్సీల హారన్లనే న్యూయార్క్‌కు మోసుకెళ్ళాడు; ఆ మోత ఏ దేశానిదో నీవే చెప్పు!

దేశాల పేర్లు పక్కన పెట్టి, సంగీతంలో ఒక్క చోటు ఎంచుకో. చార్లెస్ ఐవ్స్ ‘త్రీ ప్లేసెస్ ఇన్ న్యూ ఇంగ్లండ్’ రెండో భాగంలో రెండు బ్యాండు మేళాలు వేర్వేరు వేగాలతో ఎదురుపడినట్టుండే ఘట్టం ఉంది. 1931 జూన్‌లో ఆర్కెస్ట్రా నిర్వాహకుడు నికొలాస్ స్లోనిమ్‌స్కీ ఈ రచనను పారిస్‌లో వినిపించాడు. బీమా వ్యాపారంలో గడించిన ఐవ్సే ఆ కచేరీలకు డబ్బు సమకూర్చాడు. నీ దగ్గరున్న రికార్డింగులో ఆ రెండు మేళాలు దేనికది విడిగా వినిపిస్తున్నాయా, కలగాపులగమై ఒకే రొదగా మారుతున్నాయా, ఇత్తడి వాద్యాలు తీగవాద్యాలను మింగేస్తున్నాయా అన్నది విని రాస్తే అది విమర్శ అవుతుంది.

డబ్బు సంగతి కూడా రాయాలి. నీ వ్యాసంలో దాని ఊసే లేదు. వేతన ఒప్పందాల వల్ల అమెరికన్ ఆర్కెస్ట్రాలతో రికార్డింగు చాలా ఖరీదైన పని. అందుకే నాక్సోస్ రికార్డింగు సంస్థ ‘అమెరికన్ క్లాసిక్స్’ వరుసలో బార్బర్‌ను స్కాట్లండ్ జాతీయ ఆర్కెస్ట్రాతో, మరో అమెరికన్ స్వరకర్త జార్జ్ యాంథైల్ సింఫనీలను ఉక్రెయిన్ జాతీయ ఆర్కెస్ట్రాతో చేయించింది. స్కాట్లండ్ వాళ్ళ ముందు నిలబడి నిర్వహించిన మారిన్ ఆల్సప్ మాత్రం న్యూయార్క్‌లో పుట్టిన మనిషి.

చివరిగా, 2001 సెప్టెంబరు 15న లండన్ ఆల్బర్ట్ హాలులో లెనార్డ్ స్లాట్కిన్ నిర్వహణలో బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రా వాయించిన బార్బర్ ‘అడాజియో’ అనే తీగవాద్యాల రచన గురించి. నీవు దానికి ‘హృదయవిదారకం’ అన్న ఒక్క మాట తగిలించి ముందుకు సాగిపోయావు. తీగలన్నీ పై స్థాయికి ఎగబాకి ఒక్కసారిగా ఆగిపోయే చోట ఒక నిశ్శబ్దం ఉంటుంది. అది ఎంతసేపు నిలిచిందో, దాని తరువాత తీగలు ఎంత మెల్లగా గొంతు విప్పాయో మళ్ళీ విని, ఆ పేరా తిరగరాసి పంపు.